ఒంట్లో కరిగే ప్లాస్టిక్... ఏటి, నమ్మరా?

మీకు తెలుసా? మీరు ఇప్పుడు ఆనుకుని కూర్చున్న సోఫాలో స్పాంజి, ఆసుపత్రిలో గుండె దాకా దూర్చే సన్నటి గొట్టం... రెండూ ఒకే ఇంటి బిడ్డలు! ఇంటిపేరు పాలియురేథేన్. పెద్దది ఏళ్ల తరబడి నలిగినా చావదు. వీళ్ల కడగొట్టు చెల్లెలు మాత్రం ఒంట్లోకి వెళ్లి, అప్పజెప్పిన పని చేసి, చెప్పిన గడువుకి కరిగిపోతుంది. ఈ ఇంటి కథల్లో ఆముదం ఉంది, పలాస జీడిపిక్క ఉంది, కందిపప్పు కూడా ఉంది. కాసుకోండి!

మీకు తెలుసా? పాలియురేథేన్‌ని 1937లో కనిపెట్టినాయన ఒట్టో బాయర్. కనిపెట్టింది జర్మనీలో, బాయర్ వారి లెవర్కూజెన్ ప్రయోగశాలలో. తీరా చూస్తే ఆ కంపెనీ పెట్టిన బాయర్‌కీ ఈయనకీ వేలు విడిచిన చుట్టరికం కూడా లేదు! మన శ్రీకాకుళం జిల్లాలో ఒకే ఆఫీసులో నలుగురు అప్పలనాయుళ్లు ఉంటారు, అదేం వింతా అంటారా? అదీ నిజమే.

1941లో ఆయన పదార్థంలో ఎక్కడ చూసినా బుడగలే వచ్చాయి. పరీక్షించినవాళ్లు పెదవి విరిచారు. చిల్లుల జున్నుకి నకలు చేసుకోడానికి తప్ప ఎందుకూ కొరగాదు పొమ్మన్నారు. ఆ బుడగలే తర్వాత స్పాంజి పరుపయ్యాయి. పెదవి విరిచినవాళ్లు కూడా రాత్రికి దాని మీదే పడుకుని ఉంటారు!

ఇంతకీ ఆ బుడగల్లో ఏముందో తెలుసా? కార్బన్ డయాక్సైడ్. మన ఇడ్లీ పిండిని రాత్రికి రాత్రి పొంగించే వాయువే. ఇడ్లీకి ఎనిమిది గంటలు కావాలి, స్పాంజికి నిమిషాలు చాలు. రుచి సంగతి మాత్రం అడక్కండి.

మీకు తెలుసా? సాగే లైక్రా బట్ట కూడా పాలియురేథేనే! 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ దాన్ని తయారుచేస్తే, ఆడవాళ్లు నడుముకి బిగించుకునే పట్టీలకి వాడారు. 1967లో బోరెటోస్, పియర్స్ అనే ఇద్దరు ఈ జాతి పాలియురేథేన్ గుండె యంత్రాలకి పనికొస్తుందని 'సైన్స్' పత్రికలో రాశారు. 1982 డిసెంబరు 2న అమెరికాలోని యూటాలో బార్నీ క్లార్క్ అనే రిటైరైన పళ్ల డాక్టరుకి కృత్రిమ గుండె పెట్టారు. దాని లోపల రక్తం తగిలే పొర ఇదే! ఆయన 112 రోజులు బతికాడు. నడుము నుంచి గుండెకి జానెడు దూరమే. ఈ పదార్థానికి మాత్రం పాతికేళ్లు పట్టింది.

ఆ యూటా గుండె పథకానికి పెద్ద దిక్కు ఎవరో తెలుసా? విలెం కోల్ఫ్. ఆయనే అంతకు ముందు 1943లో, నాజీల ఏలుబడిలో ఉన్న నెదర్లాండ్స్‌లో, మొట్టమొదటి డయాలసిస్ యంత్రం కట్టాడు. రక్తం వడకట్టడానికి ఏం వాడాడు? మాంసం కూరి సాసేజీలు చేసే సెల్లోఫేన్ తొడుగు! కిడ్నీ పనిని కసాయి కొట్టు సామానుతో చేయించిన మొనగాడు.

డయాలసిస్ అనగానే మనవాళ్లకి ఉద్దానం గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... కొబ్బరితోటల నీడలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ శాస్త్రానికి అంతు చిక్కలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అక్కడ డయాలసిస్ మంచం పక్కన వేలాడే ఒక గొట్టం లోపలికి ఓసారి తొంగి చూద్దాం రండి. అది వింతల పుట్ట!

దాని పేరు డయలైజర్. మూరకంటే పొట్టి. లోపల దాదాపు 10,000 బోలు దారాలు. ఒక్కో దారం లోపలి వెడల్పు 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో అయిదో వంతు. అన్నీ కొసాకొసా కలిపి పరిస్తే రెండు కిలోమీటర్లు దాటేస్తాయి! ఇంత పొడుగు సరుకుని ఒక గొట్టంలో కూరడం మన కాంప్లెక్సులో పండగ బస్సు ఎక్కించే కండక్టరుకి కూడా చేతకాదు.

నిమిషానికి 250 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలు రక్తం దీనిలోంచి పారుతుంది. లెక్క కట్టండి... 60 లీటర్లు! ఒంట్లో ఉన్నదే అయిదు లీటర్లు. అంటే ఒంట్లో రక్తం అంతా పన్నెండుసార్లు ప్రదక్షిణం చేసి వస్తుందన్నమాట. వారానికి మూడుసార్లు!

ఇప్పుడు అసలు ప్రశ్న. మీకు తెలుసా, ఆ పదివేల దారాల్ని రెండు కొసల్లోనూ కదలకుండా పట్టి ఉంచేది ఏమిటో? పాలియురేథేన్! డయలైజర్ కొస వైపు చూడండి, గట్టి బిళ్ల ఒకటి కనిపిస్తుంది. దారాల కట్టని గిర్రున తిప్పుతూ ద్రవ పాలియురేథేన్ పోస్తారు. అది సందుల్లోకి చేరి గడ్డకడుతుంది. ఆపైన కత్తితో అడ్డంగా ఒక్క కోత. పదివేల నోళ్లు ఒకేసారి తెరుచుకుంటాయి! ఒక్క సందు మూసుకోకపోయినా రక్తం, నీళ్లు కలిసిపోతాయి. అందుకే ఆ ఒక్క కోత దగ్గర ఎవరికీ ఊపిరి ఆడదు.

ఆ జిగురు దేనితో చేస్తారో తెలుసా? ఊహించండి... ఆముదంతో! డయలైజర్ జిగురుకి ఆముదం నుంచి తీసిన పాలియాల్ వాడడం ఈ రంగంలో మామూలే. చిన్నప్పుడు ముక్కు మూసి గుటుక్కుమనిపించిన ఆముదమే! ఆముదం తాగిన మొహం ఎలా ఉంటుందో తెలుసు. ఆముదం పట్టుకున్న కిడ్నీ మిషను మొహం మాత్రం వెలిగిపోతోంది.

ఆముదానికే ఎందుకీ యోగం? దాని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం ఒక్క రిసినోలిక్ ఆమ్లమే. ఆ అణువు మీద ఓహెచ్ అనే కొక్కెం పుట్టుకతోనే ఉంటుంది. పాలియురేథేన్ తగులుకోవాలంటే ఆ కొక్కెమే కావాలి. వేరుశనగ నూనె, నువ్వుల నూనె అయితే ల్యాబులో కొక్కెం తగిలించుకుని రావాలి. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని ఎగతాళి చేశాం గానీ, చెట్లున్న చోట కూడా ఇదే మహావృక్షం!

ఆముదం పండించడంలో ప్రపంచంలో మనదే మొదటి స్థానం. అందులో సింహభాగం గుజరాత్‌ది. అయితే ఆముదం మీద పరిశోధనకి అడ్డా మాత్రం మన హైదరాబాదు! రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ డీసీహెచ్-519 లాంటి సంకర రకాలు తీసింది.

మీకు తెలుసా? ఇదే ఆముదపు గింజలో రైసిన్ అనే కాలకూటం కూడా ఉంది! 1978 సెప్టెంబరులో లండన్‌లోని వాటర్లూ వంతెన మీద జార్జి మార్కోవ్ అనే బల్గేరియా రచయిత తొడలో గొడుగుతో ఎవరో పొడిచారు. లోపలికి దిగింది రెండు మిల్లీమీటర్లు కూడా లేని లోహపు పూస. అందులో రైసిన్. నాలుగు రోజుల్లో ఆయన పోయాడు. భయపడకండి, రైసిన్ పిండిలో ఉండిపోతుంది, నూనెలోకి రాదు. ఒకే గింజ... పిండి ప్రాణం తీస్తుంది, నూనె ప్రాణం నిలబెడుతుంది.

బ్రెజిల్‌వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. సావ్ కార్లోస్ పట్టణంలో 1980లలోనే ఆముదపు పాలియురేథేన్‌తో ఎముకల్లో గుంటలు పూడ్చే ముద్ద తయారుచేశారు. మనం తలకి రాసుకుంటే వాళ్లు ఎముకకి రాశారు!

బ్రెజిల్ అంటే గుర్తొచ్చింది. పలాస-కాశీబుగ్గని నిలబెట్టిన జీడిమామిడి పుట్టిల్లు కూడా అదే! పోర్చుగీసువాళ్లు ఓడలో ఎక్కించుకుని తెచ్చారు. మనం పప్పు ఒలుచుకుని తొక్క పక్కన పడేస్తాం. ఆ తొక్కలో జీడి ఉంది చూశారా, చేతికి తగిలితే పొక్కులు తేలుస్తుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్లని అడగండి, చేతులకి నూనె రాసుకోకుండా పీట మీద కూర్చోరు. ఆ జీడిని వేడిచేస్తే కార్డనాల్ అనే నూనె వస్తుంది. దాన్నుంచి పాలియాల్. దాన్నుంచి... అవును, పాలియురేథేన్! అల్లుడికి పప్పు పాయసం, అత్తారింటి ఫ్రిజ్‌కి తొక్క స్పాంజి.

జీడి తొక్క రసం ఇంకెక్కడ ఉంటుందో తెలుసా? లారీ బ్రేకుల్లో! బ్రేకు లైనింగుల్లో కలిపే రాపిడి పొడి దీంతోనే చేస్తారు. సాలూరు ఘాట్ దిగే లారీవాళ్లు ఈసారి జీడిపప్పు పొట్లం విప్పినప్పుడు ఓ దణ్ణం పెట్టుకోవచ్చు.

ఇక కరిగే చెల్లెలి దగ్గరికి వద్దాం. పాలియురేథేన్ కట్టాలంటే పాలియాల్‌కి జోడీగా ఐసోసయనేట్ కావాలి. ఇక్కడే ఉంది తిరకాసు! పరుపులకి వాడే రకం ఒంట్లో విరిగితే టీడీఏ అనే రసాయనం వచ్చే ప్రమాదం ఉంది. అది జంతువుల్లో కేన్సర్ తెచ్చింది. ఈ భయంతోనే 1991లో అమెరికాలో పాలియురేథేన్ స్పాంజి తొడిగిన రొమ్ము ఇంప్లాంట్లని అమ్మకంలోంచి తీసేశారు. పరుపు మంచం మీదే ఉండాలి, మనిషి లోపల కాదు.

మరి దారేది? కందిపప్పు! నవ్వకండి. పప్పుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం దండిగా ఉంటుంది. అన్నంలో అది తక్కువ, అందుకే మన పప్పన్నం జోడీ అంత బలం. శాస్త్రవేత్తలు ఆ లైసిన్‌నే ఐసోసయనేట్‌గా మార్చి పాలియురేథేన్ కట్టారు. ఒంట్లో విరిగితే మిగిలేది మళ్లీ లైసినే! ఒళ్లు దాన్ని చూసి, ఓహో మన పప్పే కదా అని ఊరుకుంటుంది.

మీకు తెలుసా? 2015 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ ఒంటి లోపల వాడడానికి మొట్టమొదటి కణజాల జిగురుకి అనుమతి ఇచ్చింది. పేరు టిష్యూగ్లూ. పొట్ట తగ్గించే ఆపరేషన్‌లో లోపలి పొరల్ని అతికిస్తుంది. అది దేనితో చేసిన పాలియురేథేనో చెప్పాలా? లైసిన్‌తోనే! పప్పు తిని పెంచిన పొట్టని పప్పు సరుకుతోనే మూశారు.

ఇంకో రకం విరిగితే పుట్రెసిన్ వస్తుంది. కుళ్లిన మాంసం కంపుకి కారణం ఆ మహానుభావుడే! ఛీ అనకండి. మీ ఒంట్లో ప్రతి కణంలోనూ అది ఇప్పటికే కొద్దిగా ఉంది, కణం పెరగాలంటే కావాలి కూడా. మోకాలి కీలులో ఎముకల మధ్య ఉండే మెనిస్కస్ అనే మెత్త చిరిగితే పెట్టడానికి చేసిన 'యాక్టిఫిట్' ఈ జాతిదే. భావనపాడు ఎండుచేపల వాసనకి అలవాటుపడ్డ ముక్కులు దీనికి జంకుతాయా?

పాలియురేథేన్ కాకపోయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఒంట్లో కరిగే మొదటి కృత్రిమ కుట్టు దారం 'డెక్సాన్'. 1970ల మొదట్లో బజారుకి వచ్చింది. తెచ్చింది డేవిస్ అండ్ గెక్, అమెరికన్ సయనమిడ్ కంపెనీ శాఖ. అదే కంపెనీకి ఇంకో శాఖ లెడర్లే. అందులో పనిచేసిన తెలుగాయన ఎవరు? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! 1948లో పోయారు, దారాన్ని చూడలేదు. అంతకు ముందు గతి ఏమిటంటారా? గొర్రె పేగులతో చేసిన దారం. ఇంకా వెనక్కి పోతే మన సుశ్రుతుడు పేగు చీలికని నల్ల చీమలతో కరిపించి, తలలు అక్కడే వదిలి, ఒళ్లు తుంచమన్నాడు. కరిగే స్టేపులర్!

మీకు తెలుసా? తనంతట తానే ముడి బిగించుకునే దారం ఉంది! 2002లో లెండ్లైన్, లాంగర్ అనే శాస్త్రవేత్తలు కరిగే పాలియెస్టర్-యురేథేన్‌తో చేశారు. వదులుగా ముడివేసి 40 డిగ్రీలు వేడి చూపిస్తే 20 సెకన్లలో బిగుసుకుంది. మే నెలలో పాలకొండ నడిబజారులో పెడితే కుట్టకముందే బిగుసుకునేది!

వీరఘట్టంలో పుట్టిన కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు తెలియనివాళ్లు ఉండరు. ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్న ఆ మనిషిని చివరికి పడగొట్టింది కాలి పుండు. మత్తుమందు వద్దని, ప్రాణాయామంతోనే కాలు తీయించుకున్నారని చెబుతారు. మానని పుండ్లకి ఇవాళ కట్టే మెత్తటి నురుగు పట్టీ ఏమిటో తెలుసా? పాలియురేథేనే! ఏనుగుని మోసినాయనకి అరంగుళం స్పాంజి అందలేదు.

ఆస్ట్రేలియావాళ్లు 'నోవోసార్బ్ బీటీఎం' అని కరిగే రకం చేశారు. కాలిన చోట చర్మం తీసేసి 2 మిల్లీమీటర్ల స్పాంజి పరుస్తారు. దాని రంధ్రాల్లోకి రక్తనాళాలు పాకుతాయి. కొన్ని వారాలకి పైపొర ఒలిచేసి పలచటి చర్మం అతికిస్తారు. ఏడాదిన్నరలో స్పాంజి మాయం! అద్దెకి దిగి, ఇల్లు కట్టించి, చెప్పకుండా ఖాళీ చేసే ఇలాంటి అద్దెదారుడు మీకెప్పుడైనా దొరికాడా?

ముక్కు ఆపరేషన్ అయ్యాక గుడ్డ లాగే నరకం తెలిసినవాళ్లకి శుభవార్త. 'నేసోపోర్' అనే పాలియురేథేన్ స్పాంజిని లాగక్కర్లేదు. కొద్ది రోజుల్లో ముక్కలై చీమిడితో పాటే జారిపోతుంది. చీదితే చాలు, వైద్యం పూర్తి!

ఇక్కడో తమాషా. 1980ల్లో పేస్‌మేకర్ తీగలకి పాలియురేథేన్ తొడుగు వేశారు, ఎప్పటికీ ఉండాలని. ఒంట్లోని రక్షక కణాలు వాటిలో కొన్నింటిని పగుళ్లు పట్టించాయి! ఉండమంటే పోయింది. పొమ్మంటే ఉండిపోయే రకం కూడా ఉంది, కాప్రోలాక్టోన్ ఎక్కువ కలిపితే రెండేళ్లు దాటినా కదలదు. అందుకే ఈ రంగంలో పుట్టించడం కంటే పరీక్షించడమే పెద్ద తంతు.

పరీక్ష ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తారా? రూపాయి బిళ్లకంటే చిన్న ముక్క. ఆరబెట్టి, మిల్లీగ్రాములో పదో వంతు దాకా తూచి, 7.4 పీహెచ్ ఉప్పు ద్రావణంలో వేసి, 37 డిగ్రీల దగ్గర ఊపుతూ ఉంచుతారు. వారం పోయాక తీసి, కడిగి, మళ్లీ ఆరబెట్టి, మళ్లీ తూకం. ఎంత తగ్గింది? ఏమీ తగ్గలేదు. మళ్లీ లోపలికి. నెలలు, ఒక్కోసారి ఏళ్లు! పదార్థం కరిగే లోపు పరిశోధక విద్యార్థి కరిగిపోతాడు.

తర్వాత కణాల పరీక్ష. ఎల్929 అనే ఎలుక కణాల మీద ఈ పదార్థం నానిన ద్రవం పోస్తారు. బతికున్న కణాలు పసుపు రంగుని ఊదాగా మారుస్తాయి. 70 శాతం కంటే తక్కువ బతికితే ఫెయిల్! మన ఇంటర్‌లో 35 వస్తే పాస్, ఇక్కడ 69 వచ్చినా సప్లిమెంటరీ. ఆ కణాల మూలపుటెలుక 1940 నాటిది తెలుసా? ఎలుక పోయి ఎనభై ఏళ్లు దాటింది, కణాలు ఇంకా పరీక్షలు రాయిస్తూనే ఉన్నాయి.

రక్తం పరీక్ష మరీ కఠినం. పగిలిన ఎర్రకణాలు 2 శాతం లోపు ఉంటే ఫస్టు క్లాసు, 5 దాటితే గేటు బయటికి.

సూక్ష్మజీవుల విషం మిగిలిందేమో చూడ్డానికి ఎవరి రక్తం వాడతారో తెలుసా? గుర్రపు డెక్క పీత రక్తం! ఎర్రగా ఉండదు, నీలం. ఇనుము బదులు రాగి ఉంటుంది మరి. అమెరికా పీత చాలా పేరున్నది గానీ, దాని దాయాది మన పక్కింటి ఒడిశా బాలాసోర్ తీరంలోనే తిరుగుతుంది. రైలెక్కి ఇచ్ఛాపురం దాటితే నీలి రక్తపు రాజవంశీకుల దర్శనం!

సరే, ముక్క పాసైంది. ఇక శుద్ధి చెయ్యాలి. కుక్కర్‌లో ఆవిరి పట్టిద్దామా? పట్టించారో, కరగాల్సింది అక్కడే కరగడం మొదలు! నీరు, వేడి కలిస్తే దాని ఎస్టర్ బంధాలు తెగుతాయి. అందుకే ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు, లేదా గామా కిరణాలు. ఇలాంటి వైద్య సామాను పరీక్షలకి ఇప్పుడు మనవాళ్లు దేశాలు పట్టి పోనక్కర్లేదు. విశాఖలో 270 ఎకరాల మెడ్‌టెక్ జోన్ 2018 నుంచి నడుస్తోంది, ల్యాబులు లోపలే ఉన్నాయి.

పొందూరులో నూలు వడికే ఆడవాళ్లు 100 కౌంటు దారం తీస్తారు, వలుగ చేప దవడతో పత్తి దువ్వి మరీ. ల్యాబులో కరిగే పాలియురేథేన్‌ని 10 నుంచి 20 వేల వోల్టులు పెట్టి లాగితే వచ్చే దారం వెంట్రుకలో నూరో వంతు! కణాలు దాన్ని పట్టుకుని ఎగబాకుతాయి. కానీ ఆ యంత్రం పంచె నేయలేదు సుమా.

ఇదీ పాలియురేథేన్ కాదు గానీ, మన మన్యంలో తపసి చెట్టు జిగురు ఏరుతారు కదా? 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొంటుంది. అది ఎక్కడికెళ్లిందో తెలుసా? కట్టుడు పళ్లు అంటించే పొడిలోకి, పొట్టకి సంచి తగిలించుకున్న రోగుల చర్మం మీద అతికే బిళ్లల్లోకి! సీతంపేట కొండమీద చెట్టు కారిస్తే, అమెరికా తాతగారు కట్టుడు పళ్లతో జామకాయ కొరికాడు.

ఆఖరి ప్రశ్న. మీకు తెలుసా, పాలియురేథేన్‌ని తిని బతికే బూజు ఉందని? 2011లో యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థుల బృందం ఈక్వడార్ అడవి మొక్కల్లోంచి తెచ్చిన పెస్టలోషియోప్సిస్ మైక్రోస్పోరా గాలి లేకపోయినా దాన్ని నమిలేస్తుందని తేల్చింది. అది గానీ మన ఇంట్లో దిగిందా... పరుపు లేదు, సోఫా లేదు, లెగ్గింగ్స్‌లో సాగుడు లేదు! ఈ భోగికి బూజు దులపడం వాయిదా వెయ్యకండి బాబూ.